రూతమ్మ గారి కారు బ్రేకు ఎవరు తొక్కారు?

దయ్యాల గురించి మాట్లాడేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ చిరాకు. భయం కాదు, చిరాకు. మా వీధిలో ఎవరో ఒకరు ఏదో ఒక తోటలో తెల్లచీర కట్టుకున్న ఆడమనిషిని చూసి వచ్చేవారు. వాళ్ళని నేను అడిగేది ఒక్కటే: చీర అంచు ఏ రంగు? ఒక్కరూ చెప్పలేదు. చూడనివాడికి అంచు ఎలా తెలుస్తుంది?

అందుకే ముందే చెబుతున్నాను. నేను దయ్యాలని నమ్మను. నమ్మేవాళ్ళ మీద నాకు జాలి కూడా లేదు. ఇది రాస్తున్నది వాళ్ళకి బలం ఇవ్వటానికి కాదు. నా చేతుల మీదుగా జరిగిన పని ఒకటి నాకే అర్థం కాకుండా మిగిలిపోయింది. ఆ మంట చల్లారక రాస్తున్నాను.

నా పేరు సూరిబాబు. రాజోలులో మెయిన్ రోడ్డు పక్కన నాకు కార్ల షెడ్డు ఉంది. అంతకుముందు చాలా ఏళ్ళు దోహాలో ఒక పెద్ద గ్యారేజీలో చేశాను. అక్కడ నా పని బ్రేకులు ఒక్కటే. పొద్దున లేస్తే బ్రేకులు, సాయంత్రం చేతులు కడుక్కునేదాకా బ్రేకులు. సగం జీవితం ఒకే వస్తువుతో గడిపినవాడికి దాని గురించి కొంచెం పొగరు ఉంటుంది. నాకు కొంచెం ఎక్కువే ఉంది.

మా కోనసీమలో చలికాలం అంటే చలి కాదు, తడి. కాలవలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు. తెల్లారేసరికి ఆరుబయట పెట్టిన కారు మీద ఎవరో నీళ్ళు కుమ్మరించినట్టు ఉంటుంది. పొగమంచు దిగిందంటే కాలవ ఎక్కడో రోడ్డు ఎక్కడో తెలియదు. ఆ తడికి బ్రేకు డిస్కుల మీద తెల్లారేలోపు తుప్పు పొర కడుతుంది. పొద్దున మొదటిసారి తొక్కగానే కీచుమంటుంది, కాసేపు నడిపితే పోతుంది. హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే వెనక చక్రాల్లో లైనింగు డ్రమ్ముకి అంటుకుంటుంది, బండి కదిలించగానే టక్కుమని ఊడుతుంది. బ్రేకు ఆయిలు గాలిలో తడి పీల్చుకుంటుంది, పెడల్ మెత్తబడుతుంది. ఇందులో మంత్రం లేదు, మాయ లేదు.

కానీ చెబితే వినేవాళ్ళేరీ? ఒకాయన కీచు శబ్దానికి జడిసి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గింజలు టైరు గాడుల్లో ఇరుక్కున్న కారు తెచ్చాడు. ఇంకొకాయన డ్యాష్‌బోర్డు మీద ప్రార్థన నూనె పూయించి, అది స్విచ్చుల్లోకి కారాక తెచ్చాడు. ఇద్దరినీ ఆయిలు మార్పించమంటే మాత్రం వచ్చే నెల చూద్దామన్నారు. దేవుడికి ఇచ్చే గౌరవంలో పావలా వంతు బ్రేకు ఆయిలుకి ఇస్తే ఈ రోడ్ల మీద సగం ప్రమాదాలు ఉండవు.

రూతమ్మ గారు ఆ బాపతు కాదనుకునేవాడిని. ఆవిడ మలికిపురం దగ్గర ఉంటారు. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. భర్త కువైట్‌లో ఉంటాడు. పొద్దున డ్యూటీకి బస్సులు కుదరక డ్రైవింగ్ నేర్చుకుని, ఒక చిన్న పెట్రోలు కారు పాతది కొనుక్కున్నారు. ఆ కారు నాకు బాగా తెలుసు. మలికిపురంలో డ్రైవింగ్ స్కూలు నడిపిన వెంకటరత్నం మాస్టారిది. రూతమ్మ గారు నేర్చుకున్నదీ ఆ కారులోనే, ఆయన దగ్గరే.

డ్రైవింగ్ స్కూలు కార్లలో ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకు పెడల్ ఉంటుంది. నేర్చుకునేవాడు తడబడితే పక్కన కూర్చున్న గురువు దాన్ని తొక్కుతాడు. అక్కడి నుంచి ఒక ఇనప కడ్డీ ఇటువైపు పెడల్‌కి వస్తుంది. అటు తొక్కితే ఇటు కూడా దిగుతుంది. వానాకాలంలో మాస్టారు జబ్బు చేసి పోయాక, ఆయన భార్య కారు రూతమ్మ గారికి అమ్మేశారు. సొంత బండిగా రిజిస్ట్రేషన్ మార్చాలంటే ఆ రెండో పెడల్ ఉండకూడదు. దాన్ని విప్పింది నేనే. పెడల్, కడ్డీ, బ్రాకెట్టు అన్నీ తీసేసి, బోల్టుల బెజ్జాలకి రబ్బరు బిరడాలు కొట్టాను. ఆ ఇనుము పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ఆ కారులో రెండో పెడల్ లేదు.

మంచు మొదలైన కొద్ది రోజులకి ఆవిడ ఒక ఉదయం డ్యూటీకి వెళ్తూ షెడ్డు ముందు ఆపారు.

"సూరిబాబు గారూ, బ్రేకు దానంతటదే పడిపోతోందండి."

"దానంతటదే ఎందుకు పడుతుందండి? పట్టేస్తోందేమో."

"పట్టెయ్యటం వేరు, పడటం వేరు. ఎవరో తొక్కినట్టే ఉంటాదండి. అది కూడా మంచున్నప్పుడే. ఎండెక్కితే ఏమీ ఉండదు."

ఎవరో తొక్కినట్టు! నాకు ఆ మాటతోనే ఆవిడ మీద ఉన్న కాస్త మంచి అభిప్రాయం పోయింది. అయినా వంగి చూశాను. బ్రేకు పట్టేస్తున్న బండిని కనిపెట్టడం చాలా తేలిక. నడిపి ఆపిన వెంటనే నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టాలి. ఏది పట్టేస్తోందో అది కాలుతుంది, మాడు వాసన కూడా వస్తుంది. ఆవిడ కారుకి నాలుగు చక్రాలూ ఒకేలా చల్లగా ఉన్నాయి.

ఆ సాయంత్రం కారు నా దగ్గర వదిలారు. చక్రాలు విప్పాను. రబ్బరు పైపు లోపల ఉబ్బితే వెళ్ళిన ఆయిలు వెనక్కి రాదు, అది చూశాను, బాగానే ఉంది. డిస్కుని నొక్కిపట్టే క్యాలిపర్లు జారే పిన్నులు శుభ్రం చేసి కొత్త గ్రీజు పెట్టాను. వెనక డ్రమ్ములు తీసి రుద్దాను. ఆయిలు మొత్తం మార్చాను. ఎందుకైనా మంచిదని ఎడమ వైపు నేను కొట్టిన బిరడాలు కూడా చూశాను, ఎక్కడివక్కడే ఉన్నాయి. బండికి ఏ రోగమూ లేదు. ఇక మిగిలింది నడిపే మనిషి.

మర్నాడు ఆ మాటే చెప్పాను. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు క్లచ్చు అనుకుని ఎడమ కాలు బ్రేకు మీద వేస్తారని, భయపడినప్పుడు అది తెలియకుండానే జరుగుతుందని.

ఆవిడ నన్ను కాసేపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, మందు వాసన తెలియని కాంపౌండరుని చూసినట్టు ఉంది.

"నా కాలు ఎక్కడుందో నాకు తెలీదంటారా? నేను చేసేది ఆపరేషన్ థియేటర్లోనండి. చెయ్యెక్కడుందో కాలెక్కడుందో తెలీనివాళ్ళని అక్కడ ఒక్క పూట ఉంచరు. మీరు రండి, పక్కన కూర్చోండి, చూద్దురుగాని."

వెళ్ళాను. మంచు బాగా ఉంది. నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. రాజోలు దాటి కాలవ గట్టు రోడ్డు మీద చాలా దూరం నడిపించాను. ఏమీ జరగలేదు. బండి సుఖంగా పోయింది. నా మొహంలో ఏం కనబడిందో గానీ ఆవిడ పెదవి బిగించి, "ఇప్పుడు మీరు దిగి బైకు మీద వెనక రండి. సీటు ఖాళీగా ఉంటేనే వస్తాది" అన్నారు.

నవ్వు ఆపుకోవటం కష్టమైంది. సీటు ఖాళీగా ఉంటేనే వచ్చే రోగం! దోహాలో మా ఫోర్‌మన్ వింటే ఏమనేవాడో. షెడ్డుకి వచ్చి బైకు తీశాను. ఆవిడ ముందు, నేను వెనక.

గట్టు రోడ్డు తిన్నగా ఉన్నచోట ఆవిడ కాస్త జోరు పెంచారు. తెల్లటి మంచులో కారు వెనక భాగం మసకగా కనబడుతోంది. ఉన్నట్టుండి ఎర్ర లైట్లు వెలిగాయి. కారు ముక్కు కిందికి దిగి, ఆగిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చక్రం దగ్గర బ్రేకు పట్టేస్తే వెనక ఎర్ర లైటు వెలగదు. ఆ లైటు స్విచ్చు పెడల్ దగ్గర ఉంటుంది. పెడల్ దిగితేనే లైటు. కాబట్టి ఆవిడే తొక్కారు, దొరికిపోయారు అనుకుంటూ బైకు స్టాండు కూడా సరిగ్గా వెయ్యకుండా పరిగెత్తి డ్రైవరు వైపు తలుపు తీశాను.

రూతమ్మ గారు రెండు కాళ్ళూ పైకి మడిచి సీటు మీద పెట్టుకుని ఉన్నారు. చెప్పులు కింద ఉన్నాయి. ఇంజను ఆగిపోయింది. బ్రేకు పెడల్ అడుగంటా దిగి ఉంది. నేను చూస్తుండగా అది మెల్లగా, బరువు తీసినట్టుగా పైకి లేచింది.

"చూసేరా?" అన్నారావిడ.

చూశాను. ఒళ్ళు జలదరించిందని రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుంది కానీ, నిజానికి నాకు సంతోషం వేసింది. రోగం దొరికిందనుకున్నాను. బ్రేకు తేలిగ్గా పడటానికి పెడల్ వెనక బూస్టరు అని ఒక డబ్బా ఉంటుంది. ఇంజను నుంచి వచ్చే వాక్యూమ్, అంటే గాలి పీల్పు, దానికి బలం. ఆ డబ్బా లోపలి వాల్వు తడికి ఇరుక్కుందంటే పీల్పు పెడల్‌ని తనే లోపలికి లాగేస్తుంది. అరుదైన జబ్బు, కానీ ఉంది. చలికాలం, తడి, పొద్దునపూట. అన్నీ సరిపోయాయి. సీటు ఖాళీ సంగతి ఒకటే సరిపోలేదు. దాన్ని ఆవిడ భ్రమ కింద రాసేశాను.

కొత్త బూస్టరు బిగించాను. కారు తీసుకెళ్ళటానికి ఆవిడతో పాటు మరిది ప్రభాకర్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. ఆడవాళ్ళు కారు నడపటం అతనికి నచ్చదు, ఆ సంగతి దాచుకునే మర్యాద కూడా లేదు. అన్నయ్య కువైట్ నుంచి రోజూ ఫోను చేసి అమ్మెయ్యమంటున్నాడని, పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయిస్తే కనీసం కొనేవాడికైనా మంచిదని ఏదో చెప్పుకుపోతున్నాడు. పాత బూస్టరు తీసి అతని కాళ్ళ దగ్గర పడేశాను.

"ఇదుగో మీ దయ్యం. ఇంటికి పట్టికెళ్ళి పూజ చేస్తారో, ప్రార్థనే చేస్తారో మీ ఇష్టం."

కొన్నాళ్ళు మంచు లేదు. కారు బాగానే ఉంది. నా గొప్ప నేను చెప్పుకోవటమే పనిగా పెట్టుకున్నాను. టీ కొట్టు దగ్గర కూడా చెప్పాను. వాక్యూమ్ అంటే తెలియని వెధవలు దయ్యాలని చూస్తారని.

మళ్ళీ మంచు దిగింది. ఆ ఉదయమే అమలాపురం దారిలో ఒక వంతెన ఎక్కుతుండగా ఆవిడ కారు ఆగిపోయింది. వెనక వస్తున్న ఆటో గుద్దింది. ఆటోవాడు దేవుడి దయ వల్ల బతికాడని జనం అన్నారు. కారు బంపరు నలిగింది, రూతమ్మ గారి మణికట్టు బెణికింది. మధ్యాహ్నానికల్లా ప్రభాకర్ కారు తెచ్చి నా షెడ్డులో పెట్టి, తాళం చెవి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"బంపరు చేసి ఇచ్చెయ్యండి. బేరం కుదిరింది. కొనేవాళ్ళకి ఈ గొడవలేం చెప్పకండి. ఇంకావిడ కారు ముట్టుకోరు, అన్నయ్య తేల్చి చెప్పేసేడు."

రూతమ్మ గారు చేతికి కట్టుతో కారు పక్కనే ఉన్నారు. అతని వైపు చూడలేదు. నా వైపు మాత్రం చూశారు. రోగం తెలిసిందని చెప్పిన డాక్టరు వైపు, రోగి పోయాక బంధువులు చూసే చూపు అది.

ప్రభాకర్ లాంటివాడి ముందు నా పని తప్పని తేలటం నేను భరించలేను. రేపొక్క పూట కారు నా దగ్గర ఉండాలన్నాను. అతను గొణిగాడు. ఉండాలన్నాను.

మర్నాడు తెల్లారేసరికి మంచు ముద్దలా ఉంది. మా ఆవిడ వద్దంది. నేను బూస్టరుకి వెళ్ళే గాలి గొట్టం ఊడదీసి, ఇంజను వైపు బెజ్జం గట్టిగా మూసేశాను. ఇక వాక్యూమ్ లేదు. పెడల్‌ని లోపలికి లాగే శక్తి ఆ కారులో ఏదీ లేదు. వాక్యూమ్ లేని బ్రేకు రాయిలా ఉంటుంది. మగవాడు సీటుకి వీపు ఆనించి బలమంతా పెట్టి తొక్కితేగాని బండి ఆగదు. ఆ స్థితిలో పెడల్ దానంతటది దిగటం అంటే బావిలో నీళ్ళు తాడు లేకుండా పైకి రావటమే.

ఒక్కడినే గట్టు రోడ్డు ఎక్కాను. మొదటి గేరు, రెండు, మూడు. మెల్లగా పోతున్నంతసేపూ ఏమీ లేదు. నాలుగో గేరు వేసి కాలు యాక్సిలరేటరు మీద నొక్కాను.

బ్రేకు పెడల్ కిందికి దిగింది.

లాగినట్టు కాదు, తొక్కినట్టు దిగింది. రెంటికీ తేడా నాకు తెలుసు. లాగితే ఒకే జోరుగా పోతుంది. తొక్కితే ముందు మెత్తగా తాకి, తర్వాత బరువు పడుతుంది. కారు ఆగింది, ఇంజను చచ్చింది. తర్వాత పెడల్ లేచింది.

మళ్ళీ బయలుదేరాను. మూడో గేరులో ఏమీ లేదు. నాలుగు వెయ్యగానే మళ్ళీ అదే. ఇంకోసారి. అదే.

అప్పటికి నాకు భయం కాదు, పిచ్చికోపం వచ్చింది. నా పెడల్ మీద నా అనుమతి లేకుండా కాలు వెయ్యటానికి ఎవడు వాడు? చెప్పు విప్పేసి, కుడి పాదం పెడల్ కిందికి దూర్చి, పాదం పైభాగంతో దాన్ని పైకి ఎత్తి పట్టుకున్నాను. క్లచ్చూ యాక్సిలరేటరూ మార్చి మార్చి ఎడమ కాలితోనే తొక్కాను. మూర్ఖపు పని, ఎవరూ చెయ్యకండి. నాలుగో గేరు పడింది. పెడల్ నా పాదాన్ని అణుచుకుంటూ దిగింది. నేను బలంగా పైకి ఎత్తాను. అది ఇంకా బలంగా దిగింది. నా పాదం అడుగున నలిగింది. కారు ఒక కుదుపుతో, కాలవ వైపు కాస్త వంకరగా ఆగింది.

ఎడమ సీటు వైపు చూశాను. ఖాళీ. బెల్టు వేలాడుతోంది. వంగి డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి తడిమాను. రబ్బరు బిరడాలు తగిలాయి. ఇంకేమీ లేదు. అక్కడ ఏదైనా తగిలి ఉంటే బాగుండేది. ఏమీ లేకపోవటమే నన్ను చావగొట్టింది.

"ఎవడ్రా?" అని అరిచాను. ఖాళీ కారులో, మంచులో, నడివయసు మనిషిని, ఎడమ సీటుని పట్టుకుని ఎవడ్రా అని అరిచాను. నేను ఎవరిని చూసి ఇన్నాళ్ళూ నవ్వానో సరిగ్గా వాళ్ళలాగే.

నా పాదం మీద పెడల్ అంచు మేరకి నల్లగా కమిలింది. చాలా రోజులు ఉంది. మా ఆవిడ చూసింది, మందులషాపాయన చూశాడు. అది భ్రమ కాదు.

మూడో గేరు దాటకుండా వెనక్కి నడిపి షెడ్డుకి చేరాను. ఆ రోజే కుంటుకుంటూ మలికిపురం వెళ్ళి వెంకటరత్నం మాస్టారి భార్య మహాలక్ష్మి గారిని కలిశాను. జరిగిందేమీ చెప్పలేదు. మాస్టారు ఆ కారుకి ఎప్పుడైనా బ్రేకుల దగ్గర ఏదన్నా మార్పు చేయించారా అని మాత్రం అడిగాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఇంట్లో కుళాయి కారతా ఉంటే సంవత్సరంపాటు చూసిన మనిషండి ఆయన. కారు మాత్రం పువ్వుల్లో పెట్టి చూసుకునేవారు. దానికేం చేసేరో నాకేం తెలుసు?"

వెళ్ళబోతుంటే ఆవిడే మళ్ళీ అన్నారు.

"ఆ నర్సమ్మ గారు బాగా తోలుతున్నారా? ఆవిడ గురించే గొణిగేవారండి ఆస్పత్రిలో కూడా. పాఠం ఒకటి ఉండిపోయిందని."

"ఏం పాఠమండి?"

"మంచు పాఠం. ఎంత బాగా నేర్చినా చలికాలం వచ్చేదాకా ఎవర్నీ వదిలేవారు కాదు. మంచులో తోలితేగాని డ్రైవరు కాదనేవారు. మంచులో మూడో గేరు దాటేరంటే ఈయన కాలు ఊరుకునేది కాదు, ఠపీమని తొక్కేసేవారు. నేనోసారి వెనక కూర్చుని ఆ కుదుపుకి నాలిక కొరుక్కున్నానండి. ఆవిడ వానలకి ముందు చేరేరు కదా, చలికాలం వచ్చేసరికి ఈయనే లేకపోయేరు." ఆవిడ చేట విదిలించారు. "ఏం, ఎందుకడుగుతున్నారు? ఇప్పుడు గాని వచ్చి తొక్కుతున్నారా ఏంటి? బతికున్నంతకాలం ఇంటికి రమ్మంటే రాలేదు, చచ్చాక కార్లోకొచ్చేరా?"

ఆవిడ ఎగతాళికే అన్నారు. నేను నవ్వాను. నవ్వు సరిగా రాలేదు. మూడో గేరు మాట నేను ఎవరికీ చెప్పలేదు. అప్పటికి అది తెలిసినవాడిని నేనొక్కడినే.

రూతమ్మ గారికి చెప్పకుండా ఉందామనుకున్నాను. చెబితే నేను ఇన్నాళ్ళూ వెక్కిరించిన మందలో కలిసినట్టే. కానీ బంపరు అయిందేమో చూద్దామని ఆవిడ వచ్చినప్పుడు నా కాలు చూసి, ఏమైందని నర్సులా అడిగారు. నర్సు అడిగితే అబద్ధం చెప్పటం కష్టం. మొత్తం చెప్పాను. చెబుతున్నంతసేపూ నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆవిడ భయపడలేదు. సిలువ గుర్తు వేసుకోలేదు. చిన్నగా విసుక్కున్నారు.

"బతికున్నప్పుడూ అంతేనండి మాస్టారు. నేను తిన్నగా తోలుతున్నా నమ్మేవారు కాదు. ఇంట్లోవాళ్ళు నమ్మరు, మీరూ నమ్మలేదు, ఆయనా నమ్మలేదు. అందరికీ నా కాలి మీదే అనుమానం." చెయ్యి చాపారు. "తాళం ఇలా ఇవ్వండి."

"ప్రభాకర్ గారు బేరం..."

"కారు నా పేరున ఉందండి. ఆయన పేరున రెండు ఫోన్లున్నాయి, అవి అమ్ముకోమనండి."

గాలి గొట్టం మళ్ళీ బిగించి ఇచ్చాను. నేను వెనక వస్తానన్నాను. వద్దన్నారు.

మణికట్టు నొప్పి తగ్గాక వచ్చిన మొదటి మంచు రోజున ఆవిడ ఒక్కరే వెళ్ళారు. ఆ ఉదయం నేను ఏ పనీ చెయ్యలేకపోయాను. విప్పిన నట్లు ఎక్కడ పెట్టానో మర్చిపోయి తిట్టుకున్నాను. మంచు విడిచిన చాలాసేపటికి ఫోను వచ్చింది.

"వచ్చేసేనండి, ఆస్పత్రిలో ఉన్నాను."

"ఏమైనా..."

"మలికిపురం నుంచి మూడో గేరులోనే వచ్చేను. బ్రేకు ఎక్కడా పడలేదు. ఆ వంతెన దగ్గర కొబ్బరికాయల ట్రాక్టరు లైట్లు లేకుండా రోడ్డుకి అడ్డంగా ఆగిపోయి ఉందండి. దగ్గరికొచ్చేదాకా కనబళ్ళేదు. తొక్కేను. మూరెడు దూరంలో ఆగింది."

నేను ఆ మాట అడగకుండా ఉండలేకపోయాను. "తొక్కింది ఎవరండి?"

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఆవిడ ఏడుస్తున్నారని అర్థమైంది. ఆపరేషన్ థియేటర్లో ఎన్నో చూసిన మనిషి.

"నేనేనండి. ఈసారి నా కాలే."

ఆ తర్వాత ఆ కారులో ఆ బ్రేకు మళ్ళీ దానంతటది పడలేదు. ఆవిడ మూడో గేరు దాటినా పడలేదు. నేను కూడా ఒక మంచు రోజున నాలుగో గేరు వేసి చూశాను, పెడల్ కదల్లేదు. ఆ తర్వాత రెండు చలికాలాలు గడిచాయి. రూతమ్మ గారు రోజూ అమలాపురం వెళ్ళి వస్తున్నారు. భర్త సెలవుకి వచ్చినప్పుడు ఆవిడే నడిపి రాజమండ్రి దాకా తీసుకెళ్ళారు. పక్కన కూర్చుని ఆయన నోరు మెదపలేదట.

నేను మాత్రం ఇంకా లెక్క తేల్చుకోలేదు. ఇది చదివి మాస్టారి ఆత్మ అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి నా సమాధానం: ఆత్మకి నా పాదం నలిపేంత బరువు ఎక్కడిది? యంత్రంలో లోపం అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళని ఆ లోపం పేరు చెప్పమనండి. నేను విప్పని బోల్టు ఆ కారులో లేదు. పెడల్‌ని కదిలించే ప్రతి వస్తువునీ చూశాను, ఒకదాన్ని మార్చాను, చివరికి దాని బలమే తీసేశాను. అయినా అది దిగింది. ఎలా దిగిందో నాకు తెలియదు. ఎందుకు ఆగిపోయిందో అంతకన్నా తెలియదు.

టీ కొట్టు దగ్గర ఇప్పటికీ అడుగుతారు, ఆ నర్సమ్మ గారి కారుకి చివరికి ఏమైందని. వాక్యూమ్ బూస్టరు పోయిందని చెబుతాను. వాళ్ళు పెద్ద అర్థమైనట్టు తలలు ఊపుతారు. ఏం చెప్పినా తల ఊపే ఆ మనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తెలిసి తెలిసి ఆ అబద్ధం చెప్పి, టీ గ్లాసు పట్టుకుని పెద్దమనిషిలా కూర్చున్న నన్ను చూసుకుంటే, ఇంకా ఎక్కువ మండుతుంది.